కారణం చెప్పని యంత్రం, కారణం అడగవలసిన మనం

(మండల కేంద్రంలోని షాదీఖానాలో విద్యార్థులు, తల్లిదండ్రులు, సామాజిక కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గురించి, ముంచుకొస్తున్న కొత్త సాంకేతికత గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు నేను మొదట సందేహించాను. నేను ఇంజనీరును కాను. బి.ఏ. చదివి, 1984లో జూనియర్ అసిస్టెంటుగా సర్కారు కొలువులో చేరి, 36 సంవత్సరాలు ఫైళ్ళ మధ్య గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. రెమింగ్టన్ టైపు మిషను మీద నేర్చిన వేళ్ళతోనే తరువాత కంప్యూటరు మీద పనిచేశాను. అయినా ఒప్పుకున్నాను. ఈ యంత్రాలను తయారుచేసేవారు కొందరే. వాటి తీర్పుల కింద బ్రతకవలసినవారు కోట్లమంది. ఆ కోట్లమందిలో ఒకడిగా, దరఖాస్తు బల్లకు ఇటువైపూ అటువైపూ కూర్చున్నవాడిగా నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

‘సిస్టం తీసుకోవడం లేదమ్మా’

మా వీధిలో బట్టలు కుట్టి జీవించే ఒక వితంతువు ఉన్నారు. ఆమెను నేను ఆపా అని పిలుస్తాను. నెలనెలా వచ్చే పింఛను ఒక నెల హఠాత్తుగా ఆగిపోయింది. కార్యాలయానికి వెళితే కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు తెర వంక చూసి, ‘సిస్టం తీసుకోవడం లేదమ్మా’ అన్నాడు. ఎందుకని అడిగితే, ‘అనర్హులని చూపిస్తోంది, కారణం మాకు కనబడదు’ అన్నాడు. ఆమె నాలుగుసార్లు తిరిగింది. అయిదవసారి నేను వెంట వెళ్ళాను. పై కార్యాలయంలో ఒక ఉద్యోగి దయతలచి లోపలి పట్టిక తెరిచి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆమె ఆధార్ సంఖ్యకు మరెవరిదో విద్యుత్తు మీటరు జతపడి ఉన్నది. ఆ మీటరున్న ఇల్లు రెండంతస్తుల మేడ. ఆపా ఉండేది అద్దెకు తీసుకున్న ఒంటి గది. తప్పు దిద్దించడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల బకాయి ఆమెకు నేటికీ రాలేదు.

ఈ ఉదంతంలో ఆ యువకుణ్ణి నేను తప్పుపట్టను. అతనికి నిజంగానే కారణం తెలియదు. నన్ను కలవరపెట్టింది అదే. మా రోజులలో ఒక దరఖాస్తును తిరస్కరించాలంటే నోట్‌ఫైలులో కారణం వ్రాయాలి. ఏ నిబంధన ప్రకారం, ఏ పత్రం ఆధారంగా అన్నది పేరాల వారీగా చూపాలి. అధికారి ‘తిరస్కరించడమైనది’ అని ఒక్క మాట వ్రాసి సంతకం పెడితే అప్పీలులో ఆ ఉత్తర్వు నిలిచేది కాదు. కారణాలు చూపిన ఉత్తర్వును కార్యాలయ భాషలో ‘స్పీకింగ్ ఆర్డర్’ అంటాము, అంటే మాట్లాడే ఉత్తర్వు. మేమందరం సత్యసంధులమని నేను చెప్పబోవడం లేదు. కారణం వ్రాయవలసి రావడమే మా చేతులను కొంత కట్టివేసేది. అన్యాయం చేయదలచినవాడు కూడా అబద్ధాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేయవలసి వచ్చేది. ఆ సంతకం మీద రేపు నిలదీయవచ్చు.

నేటి యంత్రం ఇచ్చేవి మూగ ఉత్తర్వులు. ఆ మూగతనానికీ, నేటి అంశమైన ఓపెన్ సోర్స్‌కూ ఉన్న సంబంధాన్ని చెప్పడమే నా ఉద్దేశం.

హకీం గారి నుస్ఖా

పూర్వం మన ఊళ్ళలో పేరుమోసిన హకీములు ఉండేవారు. కొందరు తమ నుస్ఖాను, అంటే ఏ మూలికను ఎంత పాళ్ళలో కలపాలో ఆ వివరాన్ని, కన్నకొడుకుకు తప్ప ఎవరికీ చెప్పేవారు కాదు. రోగికి మందు దొరికేది గాని అందులో ఏమున్నదో తెలిసేది కాదు. కొడుకు లేకపోతే నుస్ఖా హకీముతోపాటే ఖబ్రస్తానుకు చేరేది. మరికొందరు నుస్ఖాను కాగితం మీద వ్రాసి ఇచ్చేవారు. దానిని మరో హకీముకు చూపవచ్చు, పడకపోతే ఒక దినుసు మార్చవచ్చు, ఇంకొక రోగికి ఇవ్వవచ్చు.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ రెండు రకాలే ఉన్నాయి. ప్రోగ్రామును మనిషి చదవగల రూపంలో వ్రాస్తారు. దానిని సోర్స్ కోడ్ అంటారు. తరువాత అది యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెల రూపంలోకి మారుతుంది. చాలా కంపెనీలు ఆ అంకెల రూపాన్ని మాత్రమే మనకు అమ్మి, సోర్స్ కోడ్‌ను దాచుకుంటాయి. ఓపెన్ సోర్స్‌లో ఆ నుస్ఖా కూడా మన చేతికి వస్తుంది.

ఈ ఉద్యమానికి మూలం ఒక ప్రింటరు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు పనిచేసేవారు. అక్కడి పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరికీ సమాచారం వెళ్ళేలా ఆయన ప్రోగ్రామును మార్చి పెట్టుకున్నారు. కొత్త ప్రింటరు వచ్చింది. దాని సోర్స్ కోడ్ అడిగితే ఇవ్వడం కుదరదన్నారు. చిన్న విషయమే కాని ఆయన దానిని నీతికి సంబంధించిన ప్రశ్నగా తీసుకున్నారు. 1983 సెప్టెంబరులో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రణాళికను ప్రకటించారు. 1991లో ఫిన్లాండ్‌కు చెందిన లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి తాను వ్రాసిన లినక్స్‌ను లోకం ముందు పెట్టాడు. నేడు మన జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున ఉన్నది ఆ లినక్సే. ప్రపంచంలో అత్యంత శక్తిమంతమైన 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నుండి లినక్స్ మీదనే నడుస్తున్నాయి. ‘ఓపెన్ సోర్స్’ అన్న పేరు మాత్రం 1998లో వచ్చింది.

ఇంగ్లీషువారికి ఈ విషయంలో ఒక చిక్కు ఉన్నది. వారి ‘ఫ్రీ’ అన్న మాటకు ఉచితమనీ, స్వేచ్ఛ అనీ రెండర్థాలు. అందుకని వారు పేజీలకు పేజీలు వివరణ వ్రాయవలసి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది లేదు. మన ఇళ్ళలో మాట్లాడుకునే ఉర్దూలో ఒకటి ‘ముఫ్త్’, మరొకటి ‘ఆజాద్’. ముఫ్త్‌గా వచ్చే యాప్‌లు మన ఫోనులలో ఎన్నో ఉన్నాయి. వాటిలో ఆజాద్ అనదగినవి బహు కొద్ది. ఈ భేదాన్ని విద్యార్థులు మనసులో నాటుకోవాలని కోరుతున్నాను. ముఫ్త్‌గా ఇచ్చినవాడు మన సమాచారాన్ని ధరగా వసూలు చేసుకుంటాడు. ఆజాద్ అయినది తనను విప్పి చూసే అధికారాన్ని మనకే ఇస్తుంది.

వక్ఫ్‌తో ఒక పోలిక

స్టాల్‌మన్ 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్స్ అనే ఒప్పంద పత్రాన్ని రూపొందించారు. దాని గురించి తెలుసుకున్నప్పుడు నాకు వక్ఫ్‌నామా గుర్తుకు వచ్చింది. ఈ పోలిక నా సొంతం. తప్పయితే పెద్దలు సరిదిద్దగలరు.

ఒక ఆస్తిని వక్ఫ్ చేసిన తరువాత దానిని అమ్మడానికి గాని, దానమివ్వడానికి గాని, వారసులు పంచుకోవడానికి గాని వీలులేదు. ముతవల్లీ నిర్వాహకుడే తప్ప యజమాని కాడు. దాత పెట్టిన షరతు తరతరాలకు నడుస్తుంది. ఆ లైసెన్సు కూడా ఇటువంటి షరతే పెడుతుంది. ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, సొమ్ము తీసుకుని కూడా ఇవ్వవచ్చు. అయితే మార్చి ఇతరులకు ఇచ్చేవారు సోర్స్ కోడ్‌ను కూడా అవే హక్కులతో ఇవ్వాలి. నలుగురి చెమటతో ఏర్పడినదాని చుట్టూ ఒకడు గోడ కట్టి ‘ఇది నాది’ అనకుండా చేసిన ఏర్పాటు ఇది.

పోలికకు హద్దులున్నాయి. వక్ఫ్ భూమిలో ఒకరు ఇల్లు కట్టుకుంటే మరొకరికి చోటుండదు. సాఫ్ట్‌వేర్‌ను లక్షమంది వాడినా తరగదు. అన్ని ఓపెన్ సోర్స్ లైసెన్సులూ ఇంత గట్టివి కూడా కావు. కొన్ని ఏ షరతూ లేకుండా ఇచ్చేస్తాయి. వాటిని తీసుకుని కంపెనీలు మూసిన సరుకుగా మార్చి అమ్ముకోవచ్చు. షరతు వ్రాయని దానం ఎటుపోతుందో, వ్రాసినా కాపలా లేని దానం ఏమవుతుందో ఈ సభలోని పెద్దలకు నేను వివరించనక్కరలేదు.

మా కేంద్రంలో జరిగిన నష్టం

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పదవీ విరమణ తరువాత మా పేటలో పిల్లల కోసం చిన్న కంప్యూటరు కేంద్రం నడిపాము. దాతలు ఇచ్చిన నాలుగు పాత కంప్యూటర్లు. వాటిలో వేసిన సాఫ్ట్‌వేర్ అంతా దొంగ నకలు. ‘అందరూ అదే వాడుతున్నారు సార్’ అని తెచ్చిన కుర్రవాడు అన్నాడు, నేను ఊరుకున్నాను. ఒక సంవత్సరం విద్యార్థివేతనాల దరఖాస్తుల గడువుకు వారం రోజుల ముందు ఆ నకలుతోపాటు వచ్చిన వైరస్ కంప్యూటర్లను పట్టింది. స్కాన్ చేసి పెట్టిన పిల్లల కులధ్రువీకరణ, ఆదాయ పత్రాలు, బ్యాంకు పుస్తకాల నకళ్ళు అన్నీ పోయాయి. రాత్రింబవళ్ళు ఇంటింటికీ తిరిగి మళ్ళీ సేకరించాము. అయినా ముగ్గురు పిల్లల దరఖాస్తులు గడువు దాటిపోయాయి. వారిలో ఒక అమ్మాయి తండ్రి నన్ను ఏమీ అనలేదు. తలవంచుకుని వెళ్ళిపోయాడు. ఆయన నాలుగు మాటలు అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఆ తరువాత మా మసీదు వీధికి చెందిన ఇంజనీరింగు విద్యార్థి ఒకడు వచ్చి ఆ నాలుగింటిలోనూ ఉబుంటు వేశాడు. అది లినక్స్ రకాలలో ఒకటి. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రే ఆఫీస్ వేశాడు. పైసా ఖర్చు కాలేదు, ఎవరి సొత్తూ దొంగిలించలేదు. మూలపడవలసిన కంప్యూటర్లు మరో నాలుగేళ్ళు పనిచేశాయి. మొదటి నెల పిల్లలు విసుక్కున్నారు. ‘బయట ఎవరూ ఇది వాడరు, మాకు ఉద్యోగాలెలా వస్తాయి?’ అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కేరళను చూపించాను. అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో ఏళ్ళ తరబడి లక్షలాది పిల్లలు లినక్స్ మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. వారు ఉద్యోగాలకు వెనుకబడిపోలేదు. ఒక కంపెనీ బొత్తాములు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవడం విద్య కాదు. కంప్యూటరు ఎలా ఆలోచిస్తుందో తెలిస్తే ఏ కంపెనీ బొత్తామైనా గంటలో పట్టుబడుతుంది.

పేర్ల మీద నడిచే లెక్క

ఇప్పుడు పెద్ద విషయానికి వస్తాను. తెలంగాణ ప్రభుత్వం ‘సమగ్ర వేదిక’ అనే కంప్యూటరు వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నది. అనేక శాఖల రికార్డులను జతపరచి, ఈ రేషను కార్డుదారుడికి కారు ఉన్నదా, ఇల్లు ఉన్నదా, ఉద్యోగం ఉన్నదా అని చూస్తుంది. అన్ని శాఖలలోనూ ఒకే సంఖ్య ఉండదు కనుక పేరు, చిరునామా వంటివి పోల్చి ‘ఈ ఇద్దరూ ఒకరే’ అని నిర్ణయిస్తుంది. ఆ రాష్ట్రంలో 2016 తరువాత రద్దయిన సుమారు 19 లక్షల రేషను కార్డులపై హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయపోరాటం చేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించమని ఆదేశించింది. తరువాత పత్రికలలో వచ్చిన ఒక కథనం నన్ను నిద్రపోనివ్వలేదు. రిక్షా త్రొక్కి బ్రతికిన ఒక ముస్లిం కుటుంబ యజమానికి కారు ఉన్నదని యంత్రం తేల్చింది. ఆ కారు దాదాపు అదే పేరుగల మరొక వ్యక్తిది.

ఇటువంటి పొరపాటు మన పేర్లకు ఎందుకు ఎక్కువ జరిగే అవకాశమున్నదో ఒక గుమాస్తాగా నేను చెప్పగలను. మన జిల్లాలో ఒక ఓటర్ల జాబితా తెరవండి. ఒకే వీధిలో షేక్ మస్తాన్‌లు ముగ్గురు, సయ్యద్ అలీలు ఇద్దరు కనిపిస్తారు. ఒకే మనిషి పేరు ఒక పత్రంలో షేక్ అని, ఇంకొకదానిలో షైక్ అని, మరొకదానిలో ‘ఎస్‌కే’ అని ఉంటుంది. మహమ్మద్ అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా వ్రాస్తారో లెక్కలేదు. ‘బీ’ అని ఒకచోట, ‘బేగం’ అని ఇంకొకచోట. ఇంటి పేరు ముందా వెనుకా అన్నది డేటా ఎంట్రీ ఆపరేటరు ఇష్టం. యంత్రం పోలికను కొంచెం సడలిస్తే ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకరైపోతారు. కొంచెం బిగిస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఎంత సడలించాలి, ఎంత బిగించాలి అన్నది ఎవరో ఒక గదిలో కూర్చుని నిర్ణయిస్తారు. ఆ అంకె మీద ఒక కుటుంబం బియ్యం ఆధారపడి ఉంటుంది. అది ప్రభుత్వ ఉత్తర్వు వంటిదే. ప్రభుత్వ ఉత్తర్వయితే జీవో రూపంలో చదవగలం. ఈ అంకెను చదివే దారి మనకు లేదు.

దురుద్దేశంతో చేశారని నేను అనడం లేదు. దురుద్దేశం లేకుండానే ఇంత నష్టం జరుగుతుందంటే, విప్పి చూసే హక్కు ఎంత అవసరమో ఆలోచించండి. ప్రజల సొమ్ముతో తయారై ప్రజల హక్కులను నిర్ణయించే ప్రోగ్రామును ప్రజలు చదవగలగాలి. యూరప్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు 2017 నుండి ‘ప్రజాధనంతో వ్రాసిన కోడ్ ప్రజలదే’ అన్న డిమాండుతో ప్రచారం చేస్తున్నారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2015లోనే ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని, ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను బహిరంగపరచే విధానాన్ని ప్రకటించింది. కాగితం మీద ఉన్నదానిని అమలు చేయమని అడగడం నేరం కాదు గదా!

అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఒక ఉదాహరణ. 2020 ఏప్రిల్‌లో కరోనా కాలంలో ఆరోగ్యసేతు యాప్ వచ్చింది. కోట్లమంది కదలికలను గమనించే యాప్ లోపల ఏమున్నదో చూపాలని పలువురు పట్టుబట్టారు. మే 26న ఆండ్రాయిడ్ యాప్ సోర్స్ కోడ్‌ను విడుదల చేశారు. సమాచారం చేరే సర్వరు వైపు కోడ్ అప్పుడు రాలేదు కనుక అది సగం విజయమే. అయినా తలుపు తట్టినందుకే ఆ సగమైనా తెరుచుకున్నది.

ముఖాన్ని చదివే యంత్రం

ముఖాలను గుర్తించే కెమెరాల సంగతి కూడా చెప్పాలి. 2018లో జాయ్ బులమ్విని, టిమ్‌నిట్ గెబ్రు అనే ఇద్దరు పరిశోధకులు ముఖాన్ని చూసి స్త్రీయో పురుషుడో చెప్పే వాణిజ్య వ్యవస్థలను పరీక్షించారు. తెల్లని మేనిఛాయగల పురుషుల విషయంలో తప్పులు 1 శాతం లోపే. నల్లని మేనిఛాయగల స్త్రీల విషయంలో ఒక వ్యవస్థ 34.7 శాతం వరకు పొరబడింది. యంత్రానికి ద్వేషం లేదు. దానికి చూపి నేర్పిన బొమ్మలలో ఎవరు తక్కువగా ఉన్నారో వారి విషయంలో అది గ్రుడ్డిదయింది.

2021లో లాక్‌డౌన్ సమయంలో పోలీసులు హైదరాబాదు వీధిలో తనను ఆపి, మాస్కు తీయమని ఫొటో తీశారని చెబుతూ ఇదే మసూద్ ముఖ గుర్తింపు వ్యవస్థను తెలంగాణ హైకోర్టులో సవాలు చేశారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చి ఉన్నది. ఆ హక్కుకు వీధి కెమెరా ముందు అర్థమేమిటన్నది ఆయన వేసిన ప్రశ్న. అది మనందరి ప్రశ్న.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ముఖ గుర్తింపుకు కావలసిన సాధనాలు ఓపెన్ సోర్స్‌లోనూ లభిస్తాయి. కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన దానితో చేసే పని ధర్మమైపోదు. కత్తి తయారీ రహస్యం కాకపోయినా కత్తి కత్తే. అందుచేత కోడ్‌తోపాటు ఏ సమాచారంతో నేర్పారు, ఏ చట్టం అనుమతించింది, తప్పు జరిగితే జవాబుదారీ ఎవరు అన్న మూడు ప్రశ్నలూ అడగాలి. మొదటి తలుపు తెరిస్తేనే తక్కినవి అడగడానికి వీలుంటుంది గనుక నేను కోడ్ దగ్గర మొదలుపెట్టాను.

తెరిచి ఉంటే చాలదు, చూసేవారు ఉండాలి

ఓపెన్ సోర్స్‌ను పొగిడేవారు ఎందరో కళ్ళు చూస్తుంటాయి కనుక లోపాలు దాగవంటారు. ఇది సగం నిజం. 2014లో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. ప్రపంచంలోని ఎన్నో వెబ్‌సైట్ల రహస్యాలను కాపాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాములో అది రెండేళ్ళుగా ఉన్నది. అంత ముఖ్యమైన ప్రోగ్రామును చూసుకుంటున్నది గుప్పెడుమంది. అందరూ వాడుకున్నారు, చందా ఇచ్చినవారు బహు కొద్దిమంది. ఊరి ఉమ్మడి బావి నీళ్ళు అందరూ తోడుకుని పూడిక తీయడానికి ఎవరూ రాకపోతే ఏమవుతుందో అదే అయింది.

2024 మార్చిలో ఇంకా విచిత్రం జరిగింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాము లినక్స్‌లో అంతటా ఉంటుంది. దానిని అలసిపోయిన ఒక స్వచ్ఛంద నిర్వాహకుడు చూసుకునేవాడు. మారుపేరుతో ఒకరు వచ్చి రెండేళ్ళకు పైగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరకు దొడ్డిదారి ద్వారం అమర్చారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులోకి ప్రవేశించడానికి ఎప్పటికన్నా అర సెకను ఎక్కువ పడుతోందేమని అనుమానించి త్రవ్వి చూశాడు. ప్రపంచం పెద్ద ప్రమాదం నుండి బయటపడింది. కోడ్ మూసి ఉంటే అతడు ఆ అర సెకనుకు మూలాన్ని పట్టుకునేవాడా? కష్టమే. అతని వంటి ఓపికగలవాడు లేకపోతే తెరిచి ఉండి ఏమి లాభం? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి గుర్తుంచుకోవాలి. హక్కు ఉండడం ఒకటి, దానిని వినియోగించే మనుషులు ఉండడం మరొకటి. మనవాళ్ళలో రెండవది కొరత.

మన నాలుక, కృత్రిమ మేధ

కొత్తగా వచ్చిన కృత్రిమ మేధ గురించి రెండు మాటలు. అల్గారిథం అన్న పదం తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి పుట్టింది. ఆయన హిందూ అంకెల లెక్కను వివరించి గ్రంథం వ్రాశాడు, అది లాటిన్‌లోకి వెళ్ళింది. మన సభలలో ఈ సంగతి చెప్పుకుని చప్పట్లు కొట్టడం పరిపాటి. నేను గుర్తుచేసేది మరొకటి. ఆయన పొరుగువారి విద్యను నేర్చుకున్నాడు, దాచకుండా వ్రాశాడు, ఇంకెవరో దానిని ముందుకు తీసుకుపోయారు. విద్య ఆ దారినే పెరిగింది. చప్పట్ల తరువాత మనం చేయవలసిన పని అదే.

నేడు కొన్ని కంపెనీలు తమ కృత్రిమ మేధ నమూనాలను ‘ఓపెన్’ అని ప్రకటించుకుంటున్నాయి. పేరును చూసి మోసపోవద్దు. నమూనాను దించుకోనిచ్చి, అది ఏ సమాచారంతో నేర్చుకున్నదో చెప్పకపోతే అది వండిన అన్నం పెట్టి నుస్ఖా దాచినట్లే. 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ సంస్థ ‘ఓపెన్ సోర్స్ కృత్రిమ మేధ’ అనిపించుకోవడానికి ఏమి ఉండాలో నిర్వచనం ప్రకటించింది. పెద్ద పేర్లు కొన్ని ఆ కొలతకు నిలవలేదు.

ఇంకొక మాట. యంత్రం తనకు దొరికిన రాతను, మాటను బట్టి నేర్చుకుంటుంది. తొంభైలలో మా కార్యాలయంలో తెలుగులో టైపు చేసిన తాఖీదు పక్క కార్యాలయంలో తెరిస్తే పిచ్చిగీతలు కనబడేవి. ఒక్కొక్క కంపెనీ ఫాంటుకు ఒక్కొక్క లెక్క. ఉర్దూ పత్రికలవారి కష్టం అంతకన్నా ఎక్కువ. నస్తాలీఖ్ లిపిలో అచ్చువేసిన ఎన్నో ఏళ్ళ వ్రాతలు ఒకే సాఫ్ట్‌వేర్ ఫైళ్ళలో బందీలైపోయాయి. యూనికోడ్ అనే బహిరంగ ప్రమాణం ఆ గోడను పగలగొట్టింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, 2004 జనవరిలో ఉర్దూ వికీపీడియా మొదలైనాయి. మన ఇంట్లో మాట్లాడే దక్కనీకి, గుంటూరు, కర్నూలు ముస్లింల తెలుగు యాసకు అటువంటి చోటు ఇంకా దక్కలేదు. మొజిల్లా సంస్థవారి కామన్ వాయిస్‌లో ఎవరైనా తమ గొంతును దానం చేయవచ్చు. మన నానమ్మ మాట యంత్రానికి అర్థం కావాలంటే ముందు ఎవరో ఒకరు ఆ మాటను దానికి వినిపించాలి.

చేయవలసిన పనులు

మాటలతో ఇంటికి వెళ్ళవద్దు. నాలుగు పనులు చెబుతాను.

మొదటిది. ఎవరికి ‘సిస్టం తీసుకోవడం లేదు’ అన్న జవాబు వచ్చినా అక్కడితో వెనుదిరగవద్దు. వ్రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు పుచ్చుకోండి. సమాచార హక్కు చట్టం, 2005లో సెక్షన్ 4(1)(డి) ఉన్నది. పరిపాలనా నిర్ణయాల వలన ప్రభావితులైనవారికి ఆ నిర్ణయాలకు కారణాలు తెలియజేయాలని అది చెబుతున్నది. ఆ చట్టం కింద 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ‘నా పేరుకు ఏ రికార్డు జతపడింది, ఏ నిబంధన ప్రకారం అనర్హుణ్ణి అయ్యాను’ అని సూటిగా అడగండి. వాణిజ్య రహస్యమని కొందరు దాటవేయవచ్చు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఆ మినహాయింపు అడ్డురాదని అదే చట్టంలో ఉన్నది. అప్పీలు చేయండి.

రెండవది. ఇంటిలోని ప్రతి ఒక్కరి ఆధార్, రేషను కార్డు, ఓటరు కార్డు, పదవ తరగతి సర్టిఫికెట్టు, బ్యాంకు పుస్తకం ఒకచోట పెట్టి పేరు అన్నిటిలోనూ ఒకే అక్షరాలతో ఉన్నదో లేదో ఈ ఆదివారమే చూడండి. తేడా ఉంటే నష్టం జరగకముందే దిద్దించుకోండి. తప్పు యంత్రానిదైనా తిరగవలసిన కాళ్ళు మనవే.

మూడవది. మన కంప్యూటరు కేంద్రాలు, మదరసాలు, గ్రంథాలయాలలో దొంగ నకళ్ళు తీసివేయండి. లినక్స్, లిబ్రే ఆఫీస్ వేయించండి. తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు ఉన్నాయి. వారి శిబిరాలకు మన పిల్లలను, ప్రత్యేకించి ఆడపిల్లలను, పంపండి.

నాలుగవది విద్యార్థులకు. మీలో కనీసం కొందరైనా వాడుకునే స్థాయి నుండి వ్రాసే స్థాయికి రావాలి. ఓపెన్ సోర్స్‌లో ప్రవేశ పరీక్ష లేదు, డొనేషను లేదు. ఒక అక్షరదోషం దిద్దండి, ఒక వాక్యం తెలుగులోకో ఉర్దూలోకో మార్చండి, ఒక లోపాన్ని గుర్తించి తెలపండి. మీరు చేసిన పని మీ పేరుతో అందరూ చూడగలిగేచోట నిలిచి ఉంటుంది. ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు చిన్న ఊరి కాలేజీ పేరు పక్కన పెట్టి చూపడానికి మీ చేతిపని ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన లాభం మరొకటి. రేపు ఒక ఆపాకు పింఛను ఆగితే, యంత్రం లోపలి లెక్కను చదివి ‘తప్పు ఇదిగో, ఈ వరుసలో ఉన్నది’ అని చూపగల మనిషి మన వీధిలోనే ఉంటాడు. నేను 36 సంవత్సరాలు ఉద్యోగం చేసి కూడా ఆ పని చేయలేకపోయాను. ఆమె వెంట నడవగలిగాను గాని ఆ తెర వెనుకకు చూడలేకపోయాను.

నన్ను ఏమీ అనకుండా తలవంచుకుని వెళ్ళిన ఆ తండ్రి సంగతి చెప్పాను కదా. ఆయన కుమార్తె మరుసటి సంవత్సరం దరఖాస్తు చేసింది, విద్యార్థివేతనం వచ్చింది. ఇప్పుడు డిగ్రీ చదువుతూ సెలవు దినాలలో మా కేంద్రంలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతున్నది. నేటి సభకు కరపత్రం తయారుచేసినది ఆమె. ఉబుంటు మీద, లిబ్రే ఆఫీస్‌లో, తెలుగు, ఉర్దూ రెండు లిపులనూ ఒకే పుటలో కూర్చింది. మీ చేతులలో ఉన్న ఆ కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్ళి పిల్లలకు చూపించమని కోరుతున్నాను.